గాజుతొట్టికి రంధ్రము

"సంపు" అనగానే మనకు వాకిట నేల త్రవ్వి సిమెంటుతో కట్టిన నీళ్లతొట్టి జ్ఞప్తికి వచ్చును. కుళాయి నీరు అందులో పడును. మోటారు దానిని మిద్దెపైకి ఎక్కించును. నేనిపుడు వ్రాయబోవు సంపు అది కాదు గాని, దానికి చెల్లెలు వంటిది. చేపలను పెంచు గాజుతొట్టి క్రింద, బల్ల అరలో కనబడకుండ నుంచు రెండవ తొట్టికిని ఆ పేరే పెట్టినారు. పైతొట్టి నీరు క్రిందికి దిగి, అచట శుభ్రపడి, చిన్న పంపుచేత మరల పైకెక్కును. ఇంతకు మించి అందు మర్మము లేదు. మర్మమంతయు ఆ నీరు దిగుటకై పైతొట్టి గాజునకు రంధ్రము చేయుటలో నున్నది.

ఇల్లాలికి ఈ పని యేల యని మీరనవచ్చును. మా యింట నది వేడుకకై వచ్చిన పని కాదు. మా మామగారికి పక్షవాతము వచ్చి మాట పడిపోయిన పిమ్మట, వారి కుర్చీ యెదుట మావారు నాలుగడుగుల గాజుతొట్టి పెట్టించి, అందు ఏడు బంగారుచేపలను విడిచిరి. మామగారును ఉపాధ్యాయులే. ప్రతి ఉదయము ఎడమచేతి వ్రేళ్లు మడచుచు చేపలకు హాజరు వేసి, ఏడును సరిపోయిన పిమ్మటనే కాఫీ పుచ్చుకొనెడివారు. ఒకనాడు ఆరే తేలినవి. ఏడవది గులకరాళ్లపై ప్రక్కకు ఒరిగి యుండెను. ఆ దినమున వారు కాఫీ ముట్టలేదు, భోజనమునకును లేవలేదు. తక్కిన యారింటిలో రెండు నీటి పైభాగమునకు వచ్చి నోళ్లు తెరచుచుండెను.

భాగవతము అష్టమస్కంధమున సత్యవ్రతుని దోసిట పడిన మీనపు పిల్లకు కమండలువు చాలలేదు, కుండ చాలలేదు, మడుగు చాలలేదు. బంగారుచేపయు నట్టిదే. అంగడిలో బొటనవ్రేలంత యుండునది సరిగా సాకినచో జానెడు కావచ్చును. పదేండ్లకు మించి బ్రదుకవచ్చును. గుండ్రని బుడ్డిలో వేసి అమ్మువారు ఈ సంగతి చెప్పరు. చేప పెరిగిన కొలది దాని మలినమును పెరుగును. అది మొప్పలనుండి అమ్మోనియాను విడుచుచుండును. నీరు స్ఫటికమువలె తేటగా నుండియు విషము కావచ్చును. కన్ను నమ్మి లాభము లేదు. ఈ విషమును మాన్పునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగను, మరియొక జాతి దానిని నైట్రేటుగను మార్చును. నైట్రైటును చేపకు ప్రాణాంతకమే. నైట్రేటు మిక్కిలి సాధువు, వారమునకొకసారి కొంత నీరు మార్చిన చాలును. రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున ఈ జీవులను వేరుపరచి చూపెను. వీనికి అంటుకొని యుండుటకు చోటును, గాలి కలసిన నీరును కావలెను. మా తొట్టి అంచునకు తగిలించిన జల్లెడపెట్టెలో నున్నది పిడికెడు స్పాంజి. ఆరు పెద్ద చేపలకు అది యేమూల?

గాజుతొట్లలో జలచరముల నుంచి పరీక్షించుటకు దారి చూపినది ఒక స్త్రీయని చదివినప్పుడు నాకు కొంత ధైర్యము కలిగెను. ఝాన్ విల్‌ప్రూ పవర్ 1794లో ఫ్రాన్సుదేశపు పల్లెలో పుట్టినది. ప్యారిసులో కుట్టుపని చేసినది. వివాహానంతరము సిసిలీ ద్వీపమున మెస్సీనాలో కాపురముండినది. 1832లో గాజుతొట్లు చేయించుకొని, ఆర్గొనాట్ అను సముద్రప్రాణి తన గుల్లను తానే కట్టుకొనునని, ఇతర ప్రాణి గుల్లను దొంగిలించునను వాదము తప్పని నిరూపించినది. సూది పట్టిన చేయి అంత పని చేయగా, సాన పట్టిన చేయి ఒక రంధ్రము చేయలేదా యనుకొంటిని.

తొట్టి అమ్మిన అంగడివాడు ఏ పలకకైనను కన్నము పెట్టవచ్చునని ధారాళముగా చెప్పెను. నాకు నమ్మకము కుదరలేదు. కాచి హఠాత్తుగా చల్లార్చి గట్టిపరచిన టెంపర్డ్ గాజునకు డ్రిల్లు తగిలినచో పలక యంతయు పటికబెల్లపు పలుకులవలె రాలిపోవును. దీనికి పరీక్ష కలదు. పలక వెనుక మావారి కంప్యూటరు తెర తెల్లగా వెలిగించి పెట్టి, పోలరాయిడ్ నల్లకండ్లద్దములతో ఇవతలనుండి చూచితిమి. అడుగు పలకలో రంగుల చారలు కనబడినవి. వెనుక పలకలో నేమియు లేవు. అడుగుపలక టెంపర్డ్! అంగడివాని మాట విని అడుగున కన్నము పెట్టియుండిన నేమి కావలసినదో మీరే ఊహించుడు.

అద్దముల పనివాడు పగిలిన తనకు పూచీ లేదని తప్పుకొనెను. ఆదివారము చేపలను గాలిబుడగల గొట్టముతో సహా నీళ్ల డ్రమ్ములోనికి మార్చి, తొట్టిని ఖాళీచేసి, వెనుకపలక పైకి వచ్చునట్లు దుప్పట్లపై పరుండబెట్టితిమి. మామగారు కుర్చీ కదలనీయలేదు. డ్రిల్లు బ్యాటరీది, నీటి దగ్గర కరెంటు తీగ పనికిరాదు. బిట్టు వజ్రపు పొడి అద్దిన 45 మిల్లీమీటర్ల గిన్నె వంటిది. రంధ్రపు అంచు పలక అంచునకు కనీసము రంధ్రపు వెడల్పంత యెడముగా నుండవలెను. గీత చుట్టు పిల్లలు ఆడుకొను మైనపుముద్దతో కట్ట కట్టి నీరు పోసి, పలక లోపలివైపు టేపు అంటించితిని. మావారు నీరు పోయుచుండ నేను త్రిప్పితిని.

చందనము తీసిన స్త్రీకి ఈ పని క్రొత్త కాదు. సానపై చెక్కను అదిమిన గంధము రాదు. నీటిచుక్క వేయుచు తేలికగా త్రిప్పవలెను. గాజునకును అదియే ధర్మము. డ్రిల్లు బరువే చాలును, చేతిబరువు కూడదు, వేగమును కూడదు. నీరు పాలవలె తెల్లనగును. ఆ పొడి ఆరి ఊపిరితిత్తులలోనికి పోరాదు గనుక నీరు నిండుగా నుండవలెను. చివరి రెండు మూడు నిమిషములే కష్టము. చప్పుడు మారినపుడు చేయి మరింత తేలిక చేసితిని. ఇంచుమించు పదునైదు నిమిషములకు బిళ్ల టేపుపై నిలిచెను. రెండవ రంధ్రము ఒకటి మూసికొనిపోయిన అక్కరకు. మామగారు ఎడమచేతి వ్రేళ్లు రెండు మడచిరి.

మిద్దెపై ట్యాంకునకు బిగించు నిపిల్ వంటిదే దీనికిని, రబ్బరు వాషరుతో. చేతితో బిగించి ఆపై పావుచుట్టు త్రిప్పిన చాలును. బలము చూపిన గాజు పలుకును.

ఇక లెక్క. మన యూళ్లలో కరెంటు పోవుట క్రొత్త కాదు గదా! పంపు ఆగిన పైనీరు రంధ్రము ముందరి అడ్డుపలక అంచువరకు దిగును. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు గల తొట్టిలో 3 సెంటీమీటర్లు దిగిన 16 లీటర్లు. పైకెక్కు గొట్టపు మూతి నీటిలో లోతుగా మునిగియున్నచో ఆ గొట్టమే నీటిని వెనుకకు లాగుకొనును. 6 సెంటీమీటర్లు దిగిన 32 లీటర్లు. కావున మూతిని నీటి పైభాగముననే యుంచితిమి. మా సంపు 75 పొడవు, 35 వెడల్పు, 35 ఎత్తు. నీరు 20 సెంటీమీటర్ల వరకే నింపిన పైన 39 లీటర్ల చోటు మిగులును. చెడుగు జరిగినను వరద రాదు. నీరు వెనుకకు రాకుండ ఆపు వాల్వు పెట్టుడని కొందరు చెప్పుదురు. నాచు పట్టిన వాల్వును నమ్ముటకంటె ఖాళీ చోటును నమ్ముట మేలు.

పాలకు తోడు వేసినట్లు పాత స్పాంజిని సంపులో వేసితిని. అది లేక క్రొత్త సంపు పండుటకు నాలుగైదు వారములు పట్టవచ్చును. అయినను నెల దినములు అమ్మోనియా పరీక్ష చేయుచు, మేత సగమే వేసితిమి.

మొన్న సాయంకాలము కరెంటు పోయెను. సంపు గాజుపై నేను కుంకుమతో గీచిన గీతవరకు నీరు పెరిగి నిలిచెను. మామగారు బల్ల అర తలుపు తెరువుమని సైగచేసి, లాంతరు వెలుతురున ఆ గీతను చాలసేపు చూచిరి. పిమ్మట పైకి చూచి, ఆరు వ్రేళ్లు లెక్కించి, కాఫీ అడిగిరి.