స్కూలు ఫీజు, వాపసీ టికెట్

గల్ఫ్‌లో మనవాళ్లు ఇద్దరు కలిస్తే సలామ్ అయ్యాక వచ్చే మొదటి సవాల్ "ఏ కంపెనీ?" రెండోది "పిల్లలు ఏ స్కూలు?" మొదటిదానికి జవాబు వినగానే ఎదుటివాడు మన తన్‌ఖా ఎంతో అందాజా వేస్తాడు. రెండోది విన్నాక ఆ అందాజా సరిదిద్దుకుంటాడు. మేము దుబాయ్ వచ్చి పదకొండేళ్లు దాటింది. పెద్దది కేజీలో చేరేటప్పుడు ఒకసారి, చిన్నోడికి ఒకసారి ఈ సవాల్‌కి జవాబు వెతికాం. ఇప్పుడు పెద్దది ఏడో క్లాసులో ఉండగా మూడోసారి వెతుకుతున్నాం. కొత్తగా వచ్చిన జంటలు ఫోన్ చేసి మష్వరా అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ "ఇంటర్నేషనల్" అనే లఫ్జ్ సంగతి చూద్దాం. మన దగ్గర టోలీచౌకి గల్లీలో రెండంతస్తుల బిల్డింగుకి కూడా ఆ బోర్డు వేలాడుతుంటుంది. దుబాయ్‌లో దానికి కాస్త మతలబ్ ఉంది కానీ అది కూడా ఒక్కటి కాదు. ఇక్కడ మన సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్లు ఉన్నాయి. ఐజీసీఎస్ఈ, ఏ లెవెల్స్ రాయించే బ్రిటిష్ స్కూళ్లు ఉన్నాయి, అమెరికన్ స్కూళ్లు ఉన్నాయి. ఐబీ స్కూళ్లు వేరే. ఆ ఐబీ 1968లో జెనీవాలో పుట్టింది. అమ్మానాన్నల నౌకరీ వల్ల ఈ రోజు ఒక ముల్క్‌లో, రేపు ఇంకో ముల్క్‌లో చదివే పిల్లలు యూనివర్సిటీ దగ్గర అటకాయించకుండా ఉండాలని తయారుచేసిన చదువు అది. చివరి రెండేళ్లలో ఆరు సబ్జెక్టులు, మొత్తం 45 పాయింట్లు. చదువు మంచిదే. అయితే అది ఎవరి కోసం పుట్టిందో గుర్తుంచుకుంటే మనకు పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఆసాన్ అవుతుంది.

ఇక ఖర్చా. దుబాయ్‌లో ఏడాదికి పదివేల దిర్హమ్‌ల లోపు ఫీజుతో నడిచే ఇండియన్ స్కూళ్లు ఉన్నాయి. పెద్ద క్లాసులకు లక్ష దిర్హమ్‌లు దాటే బ్రిటిష్, ఐబీ స్కూళ్లూ ఉన్నాయి. కంపెనీ ఫీజు కడితే ఆ సంగతి వేరు. కట్టకపోతే ఇద్దరు పిల్లల ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫామ్ కలిపి చూడండి. ఇంటి కిరాయి పక్కన ఇంకో కిరాయి నిలబడుతుంది. మాకు కంపెనీ ఇవ్వదు. కాబట్టి సగం స్కూళ్లు గేటు దాకా వెళ్లకముందే లిస్టులోంచి పోయాయి. దానికి నేనేం రంజ్ పడలేదు. రిజ్క్‌కి తగ్గ చాదర్‌లోనే కాళ్లు చాపుకోవాలి.

మిగిలిన స్కూళ్లను ఎలా జోఖాలి? రంగురంగుల బ్రోషర్ పక్కన పెట్టండి. అందులో స్విమ్మింగ్ పూల్ బొమ్మ పెద్దగా, ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది పిల్లలనే సంగతి చిన్నగా ఉంటుంది. దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను కేహెచ్‌డీఏ అనే సర్కారీ సంస్థ తనిఖీ చేసి "అవుట్‌స్టాండింగ్" నుంచి "వెరీ వీక్" దాకా ఆరు దర్జాలు ఇస్తూ వచ్చింది. ఆ రిపోర్టులు ఎవరైనా ముఫ్త్‌గా చదవొచ్చు. పైన ఉన్న దర్జా ఒక్కటే చూసి మూసేయకండి. లోపల ఇంగ్లీషు, లెక్కలు, సైన్సుతో పాటు ఇస్లామిక్ ఎడ్యుకేషన్‌కి, అరబీకి కూడా విడిగా రాసి ఉంటుంది. మనకు కావాల్సిన ఖబర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇంతదాకా రాసిందంతా ఎవరైనా చెప్తారు. అసలు సవాల్ ఇంకోటి. మీ బిడ్డ పన్నెండో క్లాసు పరీక్ష ఎక్కడ రాయాలి, ఆ తర్వాత ఎక్కడ చదవాలి? స్కూలు చేర్చే రోజున దీన్ని ఎవరూ అడగరు. మూడేళ్ల పిల్లను ఎత్తుకుని అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్నప్పుడు ఇది మజాక్‌లా అనిపిస్తుంది. కానీ గల్ఫ్‌లో మన ఉనికి వీసా మీద, వీసా నౌకరీ మీద, పిల్లల వీసా మన వీసా మీద నిలబడి ఉంది. వాపసీ ఎప్పుడో మన చేతుల్లో లేదు.

రియాద్‌లో ఉండే మా భాయ్‌జాన్ సంగతే చెప్తాను. సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు వంద రియాళ్ల ఫీజు పెట్టారు. ఏటా ఇంకో వంద పెంచుతూ 2020కి నాలుగొందలు చేశారు. భాభీ, ముగ్గురు పిల్లలు కలిపి నాలుగు తలలు. మొదటి ఏడాది నెలకు నాలుగొందలు, రెండో ఏడాది ఎనిమిదొందలు, చివరికి పదహారొందలు. 2018లోనే భాయ్‌జాన్ అందరినీ నల్లగొండ పంపేశాడు. అప్పటికి పెద్దపిల్లలు ఇద్దరూ సీబీఎస్ఈ స్కూల్లో చదువుతున్నారు. టీసీ చూపించి ఇక్కడ అదే సిలబస్‌లో కూర్చున్నారు. చిన్నోణ్ని మాత్రం ఇంటికి దగ్గరని బ్రిటిష్ స్కూల్లో వేశారు. అక్కడ సాల్ సెప్టెంబరులో షురూ అవుతుంది, మన దగ్గర జూన్‌లో. అక్కడి ఇయర్ ఫోర్ అంటే మన మూడో క్లాసు. ఇక్కడి స్కూలు క్లర్కుకి ఆ లెక్క సమ్‌ఝాయించడానికి భాభీ మూడు రోజులు తిరిగింది. పైగా వాడికి హిందీ అక్షరం రాదు, తెలుగు అక్షరం రాదు. వాడు చదివిన స్కూలు ఖరాబ్ స్కూలు కాదు. అందులోంచి నల్లగొండకు దారి లేదు, అంతే.

ఇదే మాట తిరగేసి కూడా చెప్పాలి. మా బిల్డింగులో ఒక దోస్త్ కెనడా కాగితాలు వేసుకుని ఉన్నాడు. అతని పిల్లలకు ఐబీ సరైన రాస్తా. అతను సీబీఎస్ఈలో వేసి పైసలు మిగుల్చుకోవాలని నేను చెప్పను. ఎవరి మంజిల్ వాళ్లది. ఏ ముల్క్‌లో దిగాలో తేల్చుకోకుండా స్కూలు ఎంచుకోవడమే ముష్కిల్ తెస్తుంది.

ఇప్పుడు మా మసలా. మా పెద్దది డాక్టరీ చదువుతానంటోంది. ఆరో క్లాసు నుంచీ అదే మాట. నీట్ రాయడం కష్టం కాదు, 2021 నుంచి దుబాయ్‌లోనే సెంటర్ ఉంది. ఐబీ చదివినా, ఏ లెవెల్స్ చదివినా మన దేశంలో ఒప్పుకుంటారు కానీ నీట్ సిలబస్ నడిచేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల బాటలో. ఈ చిక్కు సీబీఎస్ఈతో తీరింది. తీరని చిక్కు "లోకల్". తెలంగాణలో కన్వీనర్ కోటా మెడికల్ సీట్లలో చాలా భాగం లోకల్ పిల్లలకే. 2024లో సర్కార్ తెచ్చిన రూల్ ప్రకారం ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా, ఇక్కడే చదివి ఉండాలి. అది కోర్టుల దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ రూల్‌ని నిలబెట్టింది. మా తాత, ముత్తాత నల్లగొండ మట్టిలోనే దఫన్ అయ్యారు. అయినా నా కూతురు ఆ నాలుగేళ్లు దుబాయ్‌లో చదివితే తన జిల్లాకి తనే గైర్ అవుతుంది. మాలాంటి షేక్ కుటుంబాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. లోకల్ కాకపోతే లోకల్ సీట్లలోని ఆ వాటా కూడా పోయినట్టే. ఎన్‌ఆర్‌ఐ కోటా ఉంది కదా అంటారు. ఆ ఫీజు కట్టగలిగినవాణ్నయితే ఈ వ్యాసమే రాసేవాణ్ని కాదు.

అంటే ఎనిమిదో క్లాసు అయ్యేలోగా తేలిపోవాలి. మాకు ఏడాది పైచిలుకు వక్త్ ఉంది.

దీన్ సంగతికి వస్తే, చాలామంది "ముస్లిం ముల్క్ కదా, ఫికర్ లేదు" అనుకుంటారు. కొంతవరకు సహీ. యూఏఈలో ముస్లిం పిల్లలకు ఏ సిలబస్ స్కూల్లోనైనా ఇస్లామిక్ ఎడ్యుకేషన్ లాజిమీ. అరబీ భాష కూడా నేర్పుతారు. హలాల్ గురించి టిఫిన్ డబ్బా తెరిచి చూడాల్సిన పని లేదు. 2022 నుంచి జుమ్మా రోజు సగం పూటే స్కూలు. కానీ ఇస్లామిక్ ఎడ్యుకేషన్ అంటే మార్కులున్న సబ్జెక్టు, లెక్కల్లాగే. మా చిన్నోడికి వుజూ ఫర్జ్‌లు నాలుగూ టకటకా చెప్పడం వచ్చు. ఫజర్‌కి లేవమంటే మాత్రం లేవడు. తాలీమ్ స్కూలు ఇస్తుంది, తర్బియత్ ఇంట్లోనే. అది నల్లగొండలోనైనా, దుబాయ్‌లోనైనా ఒకటే హిసాబ్.

అరబీ కూడా అంతే. ఏళ్ల తరబడి చదివినా మా పిల్లలకు పుస్తకం అరబీయే వచ్చు. బకాలాలో మలయాళీ భాయ్‌తో హిందీ, టాక్సీలో పఠాన్ చాచాతో ఉర్దూ, క్లాసులో ఇంగ్లీషు. అరబీలో మాట్లాడే అవసరమే రాదు.

నన్ను నిద్రపోనివ్వనిది తెలుగు. మేము చూసిన ఏ స్కూల్లోనూ తెలుగు లేదు. హిందీ ఉంది, మలయాళం ఉంది, ఫ్రెంచి ఉంది. ఉర్దూ అడిగితే ఒకచోట "సరిపడా పిల్లలు వస్తే పెడతాం" అన్నారు. తెలుగు అని నేనంటే ఆవిడ ఏ రాష్ట్రం అని అడిగింది. మేము చిన్నప్పుడు ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్లం, మౌల్వీ సాబ్ దగ్గర అలిఫ్ బే నేర్చుకునేవాళ్లం, సర్కారీ బడిలో తెలుగు సార్ దగ్గర పద్యం అప్పజెప్పేవాళ్లం. మూడూ మావే అనుకున్నాం. మా పిల్లలకు దక్కనీ నాలుక మీద మిగిలింది, చదివే జుబాన్‌గా ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. నేను రాసే ఈ తెలుగు నా కూతురు చదవలేదు. నేనేం రాశానో అడిగితే ఉర్దూలో కథలా చెప్తాను, వింటుంది.

ఎండాకాలం ఛుట్టీల్లో ఊరు తీసుకెళ్తే నేర్చుకుంటారు అంటారు. ఇక్కడ ఛుట్టీలు జూలై, ఆగస్టుల్లో. అప్పటికి మన దగ్గర స్కూళ్లు తెరిచి నెల అవుతుంది. దాయాదుల పిల్లలంతా బడికి పోతే వీళ్లు నానీమా పక్కన కూర్చుని ఫోన్ చూస్తారు.

ఇన్ని రోజుల హిసాబ్ తర్వాత మా ఇరాదా ఇది. వచ్చే ఏడాది ఎనిమిది పూర్తి కాగానే బేగం పిల్లల్ని తీసుకుని నల్లగొండ వెళ్తుంది. నేను ఫ్లాట్ వదిలేసి షేరింగ్ రూములోకి మారతాను. ఇస్తిఖారా చేశాం, పెద్దల మష్వరా తీసుకున్నాం. ఇది సంతోషంగా తీసుకున్న ఫైసలా అని చెప్పను. పిల్లలతో ఇఫ్తార్‌కి కూర్చునే రంజాన్ నాకు ఇంకొక్కటే మిగిలింది.

పెద్దదానికి చెప్తే ఏడవలేదు. కాసేపు ఆలోచించి "అబ్బా, మేరేకూ తెలుగు ఆతీచ్ నై, ఉదర్ కైసా పఢూ?" అని అడిగింది. సహీ సవాల్. తెలంగాణలో 2018లో చట్టం చేసి పదో తరగతి దాకా అన్ని రకాల స్కూళ్లలో తెలుగు లాజిమీ చేశారు. కాబట్టి ఇది నా దిల్‌లోని హస్రత్ మాత్రమే కాదు, దాని మార్కుల సంగతి కూడా. ఇప్పుడు జుమ్మా రోజు నమాజ్ అయ్యి, బిర్యానీ తిన్నాక ఇద్దరినీ కూర్చోబెట్టి అఆలు దిద్దిస్తున్నా. గుణింతంలో ఉన్నాం. చిన్నోడికి "ణ" ఇష్టం, ఎందుకో తెలీదు. పెద్దది "ళ" దగ్గర విసుక్కుంటుంది.

కొత్తగా వచ్చిన జంటలకు నేను చెప్పేది ఇంతే. స్కూలు చూడటానికి వెళ్లే ముందు మియా బీవీ ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. రేపు నౌకరీ పోతే బిడ్డ ఏ ఊరిలో, ఏ క్లాసులో, ఏ జుబాన్‌లో చదువుతుంది? దానికి జవాబు దొరికితే స్కూలు పేరు దాదాపు దానంతట అదే తేలుతుంది. దొరక్కపోతే కనీసం సిలబస్ మన దగ్గర కూడా ఉన్నది తీసుకోండి. స్కూల్లో లేని భాష ఏదైతే ఉందో దాన్ని మొదటి రోజు నుంచే ఇంట్లో షురూ చేయండి.

అల్లాహ్ మన పిల్లలందరికీ పనికొచ్చే ఇల్మ్ ఇవ్వాలని, ఎక్కడ చదివినా వాళ్లకు తమ ఇల్లు గైర్ కాకుండా చూడాలని దువా. ఆమీన్.