నాన్న లెక్కలు మబ్బుల్లోకి

మన అజీజ్‌నగర్ క్యాంపస్‌లో ప్లేస్‌మెంట్ మాట వస్తే అందరి నోటా అవే నాలుగైదు కంపెనీల పేర్లు. వకీళ్లకీ అకౌంటెంట్లకీ సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చి, వాళ్ల ఫైళ్లు సర్వర్లలో దాచిపెట్టడమే పనిగా బతికే చిన్న చిన్న కంపెనీలు ఉంటాయని సెకండ్ ఇయర్ దాకా నాకు తెలీదు. అదీ క్లాసులో తెలియలేదు, చేవెళ్లలో మా నాన్న ఆఫీసులో తెలిసింది. (తెలుగులో తప్పులుంటే క్లబ్ సీనియర్లు సర్దుకోవాలి. స్కూల్లో నాకు తెలుగు అంటే వారానికి నాలుగు పీరియడ్లు, అంతే.)

నాన్న ట్యాక్స్ ప్రాక్టీషనర్. ఎరువుల షాపులు, కిరాణా హోల్‌సేల్ వాళ్లు, ఇద్దరు క్రషర్ ఓనర్లు, రెండు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు ఆయన క్లయింట్లు. ఒక గది, రెండు బీరువాలు, ఒకే ఒక్క కంప్యూటర్‌లో ట్యాలీ. 1986లో శ్యాంసుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ కలిసి మొదలుపెట్టిన బెంగళూరు కంపెనీది అది. మా దగ్గర ఇప్పుడు "లెక్కలు రాస్తడు" అనరు, "ట్యాలీ చేస్తడు" అంటారు.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. హార్డ్ డిస్క్ మాత్రం రాలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ మూడు నెలల కిందటిది. నెల 20కి జీఎస్టీ రిటర్నులు వేయాలి. నాన్న, ఆయన దగ్గర పనిచేసే అన్న, కాలేజీ అయ్యాక నేను... బిల్లుల కట్టలు విప్పి మళ్లీ మొదటి నుంచి ఎంట్రీ చేశాం. నేను చదువుతుంటే నాన్న కొట్టేవాడు. ఎరువుల షాపు కట్ట విప్పితే గదంతా పురుగుమందు వాసన. పదకొండు రాత్రులు. ఆ రోజుల్లో నాన్న ఎవరి మీదా అరవలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ తర్వాత సిటీ నుంచి ఒక కంపెనీ అతను వచ్చాడు. "సర్, మీ ట్యాలీ మొత్తం క్లౌడ్‌లో పెట్టేస్తాం, ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు" అన్నాడు. అతను వెళ్లాక నాన్న నన్ను అడిగాడు: "గా మబ్బు యాడుంటది బిడ్డా?"

నవ్వొచ్చింది గానీ, మంచి ప్రశ్న. మబ్బంటే వేరేవాళ్ల కంప్యూటర్, దానికి ఒక ఊరు ఉంటుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. అందులో మూడు అవైలబిలిటీ జోన్లు, అంటే ఒకదానికొకటి దూరంగా, కరెంటు కూడా వేరువేరుగా ఉండే డేటా సెంటర్లు. ఒకచోట దెబ్బ తగిలినా ఇంకోచోట నడవాలని. వాళ్లు కట్టిన చోట్లలో షాబాద్ మండలం చందనవెల్లి ఒకటి. మనం రోజూ వచ్చే ఈ రోడ్డు మీదే మర్రిచెట్ల కింద నుంచి చేవెళ్ల దాకా పోయి, షాబాద్ వైపు తిరిగితే వస్తుంది. నాన్న బైక్ మీద పోయి గేటు చూసి రావచ్చు. తీరా ఆ కంపెనీ అతన్ని అడిగితే వాళ్ల సర్వర్ ముంబైలో ఉందన్నాడు!

ముంబై అయినా పర్వాలేదు, దేశం దాటకపోతే చాలు. కంపెనీల ఖాతాల బ్యాకప్ మన దేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ తీసి ఉంచాలని 2022 ఆగస్టులో రూల్ మార్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇంకొకటి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో రికార్డు అవుతూనే ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. "సత్యం అప్పుడు గిట్ల ఉంటే?" అన్నాడు నాన్న. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన ఉత్తరంలో లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు ఉన్నట్టు చూపామని ఉంది. నాకప్పుడు మూడేళ్లు. నా లెక్కలో ఎడిట్ లాగ్ ఒక్కటే అలాంటి వాళ్లని ఆపదు. కాకపోతే "పాత తారీకుతో ఒక ఎంట్రీ ఎయ్యి సార్" అని వచ్చేవాళ్లకి "మిషిన్ రాసుకుంటది" అని చెప్పే వీలు నాన్నకి దొరికింది.

మా పై అంతస్తులో ఉండే వకీల్ అంకుల్ మాత్రం ససేమిరా అన్నారు. ఆయనవన్నీ మొయినాబాద్, చేవెళ్ల భూమి కేసులు. క్లయింట్ చెప్పింది అతని అనుమతి లేకుండా వకీల్ బయటపెట్టకూడదని చట్టమే చెప్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉంది, 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. "నా ఫైలూ అవతలి పార్టీ వకీల్ ఫైలూ ఒకే సర్వర్ల ఉంటే?" అని అడిగారు. ఉండొచ్చు. చాలా కంపెనీలు ఖాతాదార్లందరినీ ఒకే డేటాబేస్‌లో పెట్టి, ప్రతి వరుసకీ ఒక టెనెంట్ ఐడీ తగిలిస్తాయి. డీబీఎంఎస్ ల్యాబ్‌లో వేర్ క్లాజ్ మర్చిపోతే మనకి రెండు మార్కులు పోతాయి. అక్కడ మర్చిపోతే ఒక కుటుంబం మూడెకరాల మీద దాచుకున్న కాగితం ఎదుటివాడి స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఈ సంగతి ల్యాబ్‌లో ఎవరైనా చెప్పుంటే నేను ఇంకొంచెం శ్రద్ధగా కూర్చునేదాన్ని.

నాన్న చివరికి సరే అన్నాడు. మన కంప్యూటర్ నుంచి పోయేది కీ నొక్కుళ్లు, తిరిగి వచ్చేది బొమ్మ, లెక్కంతా అక్కడే జరుగుతుంది అని చెప్తే, "అయితే ఇది టీవీ అన్నట్టు" అన్నాడు. నెట్ నెమ్మదిస్తే కీ నొక్కిన రెండు సెకన్లకి అక్షరం పడుతుంది, దానికి విసుక్కుంటాడు. కానీ సంతకం పెట్టే ముందు అతను అడిగినట్టు నేను కూడా అడగలేదు: "రేపు మీరు దుకాణం బంద్ జేస్తే నా డేటా నాకెట్ల ఇస్తరు?" వచ్చినతను "అలా జరగదు సర్" అన్నాడు. అగ్రిమెంట్ మొత్తం నేనే చదివాను, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఏ ఫార్మాట్‌లో ఇస్తారు అన్నది ఎక్కడా లేదు. నాన్న పెన్నుతో ఆ లైను రాయించి, పక్కన ఇద్దరి సంతకాలూ పెట్టించాడు.

ఇప్పుడు ప్రతి శనివారం ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కాపీ తీసి ఇంటికి తెస్తాడు. అమ్మ దాన్ని పట్టుచీరల మధ్య పెడుతుంది.