మగవాళ్ళని నడిపించే మగవాడు

2025 జనవరి 13. భోగి. పాతవన్నీ మంటలో వేసే ఆ రోజునే డాలస్ కౌబాయ్స్ తమ హెడ్ కోచ్ మైక్ మెకార్తీని వదులుకున్నారు. ఉద్యోగంలోంచి తీసేశారని అనలేం. కాంట్రాక్టు అయిపోయింది, కొత్తది కుదరలేదు, అంతే. అయిదు సీజన్లలో మూడింట్లో పన్నెండేసి ఆటలు గెలిపించిన మనిషి ఆయన. కానీ 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌లో, సొంత స్టేడియంలో, గ్రీన్ బే చేతిలో 48-32తో ఓడిపోవడం, ఆ తర్వాతి సీజన్లో ఏడు గెలిచి పది ఓడడం అభిమానులు క్షమించలేకపోయారు. అప్పటికి ఈ జట్టు సూపర్ బౌల్ గెలిచి దాదాపు ముప్ఫై ఏళ్ళు.

ఆ రోజు నుంచి 24వ తేదీ దాకా, పదకొండు రోజులు, మా ఇర్వింగ్‌లో ఎక్కడ చూసినా ఒకటే చర్చ. కొత్త కోచ్ ఎవరు? కాలేజీలో, కిరాణా కొట్లో, పిల్లల డెంటిస్టు దగ్గర, చివరికి గుడిలో ప్రసాదం లైన్లో కూడా.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చిన్నప్పుడు కాలితో తన్నిన ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళని పడదోసుకుంటూ పరిగెత్తే ఆట. ఎన్ఎఫ్ఎల్‌లో ముప్ఫై రెండు జట్లు. అంటే ప్రపంచం మొత్తం మీద ఈ స్థాయిలో ముప్ఫై రెండే హెడ్ కోచ్ ఉద్యోగాలు. ఆ ఏడు అందులో ఏడు ఖాళీ అయ్యాయి. వాటికోసం నడిచిన చర్చలో ఏ పేరు వచ్చినా అది మగవాడి పేరే. దాన్ని విచిత్రంగా కూడా ఎవరూ అనుకోలేదు.

సంక్రాంతి వారాంతానికి మా ఇంట్లో భోజనాలు. హాల్లో ఎనిమిదిమంది మగవాళ్ళు. ఒకాయన డియాన్ శాండర్స్ రావాలంటాడు. మన జట్టుకి ఆడినవాడు, పిల్లలు ప్రాణం పెడతారు అని ఆయన వాదన. ఇంకొకాయన కెలెన్ మూర్ అంటాడు. రాబర్ట్ సాలే అయితే క్రమశిక్షణ వస్తుందని మూడో ఆయన. లెస్లీ ఫ్రేజియర్ పేరు ఎవరో ఎత్తితే, పెద్దవాడైపోయాడులే అని పక్కన పెట్టేశారు. వాదన ఎక్కడ తిరిగినా చివరికి ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగింది. "ఎవరైనా సరే, లీడర్ ఆఫ్ మెన్ అయుండాలి."

వంటింటి గుమ్మం దగ్గర అరిసెల పళ్ళెం పట్టుకుని నిలబడిన నాకు ఆ మాట ఠక్కున తగిలింది. ఇక్కడ కోచ్‌ల గురించి మాట్లాడేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వాడే మాటే అది. టీవీలో కూర్చునే మాజీ ఆటగాళ్ళూ అంటారు, విలేఖరులూ అంటారు. మగవాళ్ళని నడిపించగల నాయకుడు. ఇంత పేరున్న ఉద్యోగానికి ఇంత అస్పష్టమైన అర్హత ఇంకెక్కడా చూడలేదు నేను. దీన్ని ఏ పరీక్ష పెట్టి తేలుస్తారు? ఏ డిగ్రీలో నేర్పుతారు? చూడగానే తెలిసిపోతుందంటారు. చూడగానే తెలిసిపోయేది ఏమిటో మనకి బాగా తెలుసు కదా.

ఆ మధ్యాహ్నమే మా పక్కింటి పెద్దావిడ, మేం పంపిన గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. టెక్సాస్‌లోనే పుట్టి పెరిగిన తెల్లావిడ. టామ్ లాండ్రీ కోచ్‌గా ఉన్న ఇరవై తొమ్మిది సీజన్లూ, 1960 నుంచి 1988 దాకా, చూసింది. 1989లో జెర్రీ జోన్స్ జట్టు కొనగానే లాండ్రీని పంపేసిన రోజు ఏడ్చిందట. హాల్లో వాదన కాసేపు విని, నాతో మెల్లగా అంది. "హనీ, జెర్రీ తనకి ఎదురు చెప్పేవాణ్ణి తెచ్చుకోడు. ఇంట్లో ఉన్నవాణ్ణే కూర్చోబెడతాడు." నేను ఆ మాట హాల్లో చెప్పాను. అందరూ నవ్వారు. మా ఆయనయితే, "ఆవిడకి ఆటకన్నా జెర్రీ మీద కోపం ఎక్కువలే" అన్నాడు.

24వ తేదీన బ్రయన్ షాటెన్‌హైమర్ పేరు ప్రకటించారు. అప్పటికే రెండేళ్ళుగా ఆ జట్టులోనే అఫెన్సివ్ కోఆర్డినేటర్. యాభై ఒకటో ఏట, జీవితంలో మొదటి హెడ్ కోచ్ ఉద్యోగం. పెద్దావిడ చెప్పింది చెప్పినట్టే జరిగిందని నేను గుర్తు చేస్తే, "ఏదో గుడ్డిగా తగిలింది" అన్నారు. మగవాడు చెబితే విశ్లేషణ, ఆడది చెబితే గుడ్డి లెక్క! అరవై ఏళ్ళు ఆట చూసినా సరే.

ఆ సాయంత్రం మా ఆయనతో కూర్చుని వాదించాను. ఈ ఉద్యోగానికి ఒక్క స్త్రీ పేరైనా ఎందుకు రాదు అని అడిగాను. ఆయన జవాబు సిద్ధంగా ఉంది. "ఆడినవాళ్ళకే కదా తెలిసేది. వాళ్ళు ఈ ఆట ఆడలేదు కదా." వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ గెలిచిన బిల్ బెలిచెక్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆండీ రీడ్ ఆడలేదు. ఆ మాటకొస్తే, అయిదేళ్ళు వీళ్ళంతా తిట్టుకుంటూ భరించిన మెకార్తీ కూడా ఆడలేదు. వాళ్ళ విషయంలో ఆ ప్రశ్న ఎవరూ వేయరు. వాళ్ళ తెలివిని నమ్మడానికి వాళ్ళ శరీరం సాక్ష్యం చెప్పనక్కర్లేదు. మన విషయంలో మాత్రం శరీరమే మొదటి అభ్యంతరం.

స్త్రీలు అసలు లేరా అంటే ఉన్నారు. 2015లో జెన్ వెల్టర్ అరిజోనా జట్టు శిక్షణ శిబిరంలో ఇంటర్న్ కోచ్‌గా చేరింది. 2016లో క్యాథరిన్ స్మిత్ బఫలోలో పూర్తికాలపు కోచ్ అయింది. 2020లో కేటీ సవర్స్ సూపర్ బౌల్ దాకా వెళ్ళిన జట్టుకి సహాయ కోచ్. 2021లో గెలిచిన టాంపా బే జట్టు కోచ్‌లలో లోరీ లోకస్ట్, మరాల్ జవాదీఫర్ ఇద్దరూ స్త్రీలే. అంటే గుమ్మం దాటారు, వసారాలో కూర్చున్నారు. నట్టింట్లోకి మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు. 2018లో క్లీవ్‌లాండ్ జట్టు కండలీజా రైస్‌ని హెడ్ కోచ్ ఇంటర్వ్యూకి పిలుస్తుందేమో అని ఒక వార్త వచ్చింది. జట్టువాళ్ళు అదేం లేదన్నారు. ఆవిడా నవ్వేసి, స్త్రీలు కోచింగ్‌లోకి రావాలని మాత్రం అంది. ఒక దేశపు విదేశాంగ శాఖ నడిపిన మనిషి పేరు కూడా ఆ కుర్చీ పక్కన పెడితే జోకే అయింది.

మరి షాటెన్‌హైమర్ అర్హత? పాతికేళ్ళకి పైగా అనుభవం ఉంది, కాదనను. కానీ ఆయన తండ్రి మార్టీ షాటెన్‌హైమర్, రెగ్యులర్ సీజన్లలో రెండు వందల ఆటలు గెలిపించిన కోచ్. కైల్ షానహాన్ తండ్రీ కోచే. షాన్ మెక్‌వే తాత ఒక జట్టు జనరల్ మేనేజర్. ఇక్కడ దీన్ని కోచింగ్ ట్రీ అంటారు. మనం వంశవృక్షం అంటాం. మన సినిమా హీరోల కొడుకుల గురించి గంటల తరబడి వెటకారాలాడే మా హాలు, ఈ చెట్టు గురించి మాత్రం నోరెత్తలేదు. జెర్రీ జోన్స్ పిల్లలు ముగ్గురూ జట్టు వ్యాపారంలోనే ఉన్నారు. కొడుకు స్టీఫెన్ చేతిలో ఆటగాళ్ళ ఎంపిక, కూతురు షార్లెట్ చేతిలో బ్రాండ్ వ్యవహారం. కోట్లాది డాలర్ల సామ్రాజ్యంలో కూడా కొడుక్కి పొలం, కూతురికి పసుపు కుంకుమ పద్ధతేనా అనిపించింది నాకు.

దీనికి విరుగుడుగా ఒక నియమం ఉంది. 2003లో వచ్చిన రూనీ రూల్. పిట్స్‌బర్గ్ జట్టు యజమాని డాన్ రూనీ పేరు మీద. హెడ్ కోచ్ ఉద్యోగానికి తెల్లవాళ్ళు కానివారిని కూడా ఇంటర్వ్యూ చేసి తీరాలని చెప్తుంది. 2022లో స్త్రీలనీ అందులో చేర్చారు. అయితే ఇంటర్వ్యూ చేయమంటుందే తప్ప ఉద్యోగం ఇమ్మనదు. తనని పిలిచింది లాంఛనం కోసమేనని ఆరోపిస్తూ బ్రయన్ ఫ్లోరెస్ అనే నల్లజాతి కోచ్ అదే ఏడు కోర్టుకెక్కాడు. ఇది చదివినప్పుడల్లా నాకు మా మండలంలో సర్పంచ్ అయిన మా మేనత్త గుర్తొస్తుంది. అక్కడ చట్టం కుర్చీనే ఆడవాళ్ళకి ఇచ్చింది, అందులో మావయ్య కూర్చున్నాడు. ఇక్కడ చట్టం గదిలోకి పిలుస్తుంది, కుర్చీ మాత్రం చూపించి పంపేస్తుంది. రెండింటి మధ్యా ఏడు సముద్రాలున్నాయి. తేడా మాత్రం అంత దూరం లేదు.

నాకు ఈ గొడవ ఎందుకంటే, ఒకసారి నేనూ ఆ గదిలో కూర్చున్నాను. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. కొన్నేళ్ళ క్రితం మా శాఖాధిపతి ఉన్నట్టుండి వెళ్ళిపోతే, మూడు సెమిస్టర్లు ఆ పని నేను చేశాను. టైం టేబుళ్ళు, బడ్జెట్, ఇద్దరు అధ్యాపకుల మధ్య ఏడాదిగా మాటల్లేని యుద్ధం, అన్నీ చూశాను. తర్వాత శాశ్వత నియామకం కోసం కమిటీ వేశారు. నా గురించి కమిటీలో వచ్చిన మాట నా స్నేహితురాలు తర్వాత చెప్పింది. "చాలా ఓపికగలావిడ, అందర్నీ కలుపుకుపోతుంది. కానీ ఇప్పుడు మనకి కావలసింది గట్టి నాయకుడు." ఆ గట్టి నాయకుడు బయటినుంచి వచ్చాడు. బడ్జెట్ ఫారాలు ఎలా నింపాలో మూడు నెలలపాటు ఆయనకి నేర్పింది నేనే.

అందుకే 2023 జులైలో ఇంగ్లండ్‌లో హన్నా డింగ్లీ వార్త చదివి పెద్దగా సంతోషించలేకపోయాను. అక్కడి ఫుట్‌బాల్ మనకి తెలిసిన ఫుట్‌బాలే. ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అనే మగవాళ్ళ ప్రొఫెషనల్ జట్టుకి ఆవిడని తాత్కాలిక హెడ్ కోచ్‌గా వేశారు. ఇంగ్లిష్ ఫుట్‌బాల్లో మొదటి స్త్రీ అని పత్రికలన్నీ రాశాయి. నా కళ్ళు 'తాత్కాలిక' అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. కొద్దిరోజుల్లోనే శాశ్వత కోచ్‌గా ఒక మగవాడు వచ్చాడు. తాత్కాలికం అనేది మనకోసమే పుట్టిన పదమేమో!

"అయితే మగవాళ్ళ జట్లకి మగవాళ్ళు, ఆడవాళ్ళ జట్లకి ఆడవాళ్ళు, సరిపోతుందిగా" అని మా మరిది ఒక రాజీ సూత్రం చెప్పాడు. లెక్కలు తెలిసినదాన్ని కనక దానికీ లెక్కే చెప్పాను. విద్యాసంస్థల్లో లింగవివక్ష కూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. అప్పటికి అమెరికా కాలేజీల్లో ఆడపిల్లల జట్ల కోచ్‌లలో నూటికి తొంభైమందికి పైగా స్త్రీలే. 2014 నాటికి అది నూటికి 43కి పడిపోయింది. చట్టం వచ్చాక ఆడే అమ్మాయిలు పెరిగారు. డబ్బు వచ్చింది, జీతం వచ్చింది, గౌరవం వచ్చింది. వాటి వెనకే మగవాళ్ళు వచ్చారు. మన వంటలాగే. ఇంట్లో వండితే ఆడవాళ్ళ పని, పెళ్ళిలో వెయ్యిమందికి డబ్బు తీసుకుని వండితే వంటమాస్టారు.

ఆ పదకొండు రోజుల చర్చలో ఎవరికీ గుర్తురాని స్త్రీలు ఇంకొందరున్నారు. ఆ జట్టు చీర్‌లీడర్లు. టీవీలో వాళ్ళు లేకుండా ఆట లేదు. ఆ ఏడు జూన్‌లో, 2025 సీజన్‌కి వాళ్ళ వేతనం 400 శాతం పెరిగిందన్న వార్త వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కసారిగా 400 శాతం పెంచగలిగారంటే అంతకుముందు ఎంతిచ్చినట్టు? దానిమీద మా హాల్లో చర్చ జరగలేదు.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంది. పడదోసుకోవడం ఉండదు, నడుముకి కట్టిన జెండా లాగేస్తే ఆగిపోవాలి. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉంది. ఆడపిల్లలకి కూడా. అంటే దీనికీ డబ్బూ గౌరవం రాబోతున్నాయి. పోయిన వారం వాళ్ళ జట్టుకి కొత్త కోచ్ కోసం తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. చేతికిచ్చిన కాగితంలో మూడు గళ్ళు. హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్, టీమ్ మామ్. మూడో గడిలో పేరు రాసిన ఆవిడ బత్తాయి తొనలు కోసుకురావాలి, బట్టలు లెక్కపెట్టాలి.

పిల్లలు తమకి ఎవరు కావాలో ముందే అనుకున్నారు. కాలేజీ రోజుల్లో ఈ ఆటే ఆడిన వాళ్ళ కెమిస్ట్రీ టీచర్. నేను ఆవిడ పేరు చెప్పాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక తండ్రి, మంచి మనిషే, మర్యాదగా అన్నాడు. "ఆవిడ మంచిదే. కానీ కంట్రోల్ చేయగలదా?"

కంట్రోల్ చేయాల్సింది పన్నెండుమంది పదిహేనేళ్ళ ఆడపిల్లల్ని. అక్కడ మగవాళ్ళు లేరు. లీడర్ ఆఫ్ మెన్ అన్న సాకు కూడా లేదు. అయినా అదే అనుమానం. కాకపోతే ఈసారి సాకు లేకుండా వచ్చింది కనక దాని ముఖం నాకు స్పష్టంగా కనిపించింది.

నిర్ణయం వచ్చే గురువారానికి వాయిదా పడింది. టీచర్‌తో మాట్లాడాను, ఆవిడ సిద్ధంగా ఉంది. మరో ముగ్గురు తల్లులకి ఫోన్ చేశాను. ఒకావిడ మాత్రం, "ఎందుకొచ్చిన గొడవండీ, నేను బత్తాయిలు తెస్తాన్లెండి" అంది. మిగిలిన ఇద్దరూ వస్తామన్నారు. మా అమ్మాయి కూడా వస్తానంటోంది. తల్లిదండ్రుల మీటింగుకి పిల్లలెందుకు అన్నాడు వాళ్ళ నాన్న. ఆడేది వాళ్ళు కదా అన్నాను.