గింజంత మూత... వూలిచ్ ఘనత

ఆర్సెనల్ అంటే ఫుట్‌బాల్ జట్టేగా అంటారు కుర్రకారు. నిజమే. కానీ ఆ పేరు పుట్టింది మైదానంలో కాదు, మందుగుండు కార్ఖానాలో! ఇంగ్లిషులో ఆర్సెనల్ అంటే ఆయుధాగారం. ఆగ్నేయ లండన్‌లో థేమ్స్ ఒడ్డునున్న వూలిచ్‌లోని ఆయుధాగారంలో పనిచేసే కార్మికులే 1886లో ఆ జట్టు పెట్టుకున్నారు. 1913లో జట్టు ఉత్తర లండన్‌కి తరలిపోయింది, పేరును వెంటబెట్టుకుని.

2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ రైలెక్కి వూలిచ్‌లో దిగితే ఆ పాత ఆవరణ ఎదురుగానే కనిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడ దాదాపు 80 వేలమంది పనిచేశారు. 1967లో తయారీ ఆగిపోయింది. ఇప్పుడక్కడ ఫ్లాట్లు, హోటళ్లు. ఆయుధాగారంలోని రాయల్ లేబొరేటరీకి చెందిన 1696నాటి భవనాలు రెండు మిగిలాయి. అవీ ఇళ్లయిపోయాయి.

లేబొరేటరీ అన్నది పేరుకే. నిజానికి తూటాలు తయారైంది అక్కడే. 1860ల్లో దాని అధిపతి ఎడ్వర్డ్ బాక్సర్. స్నైడర్ రైఫిల్ కోసం ఆయన రూపొందించిన తూటా అడుగున, సరిగ్గా మధ్యలో, నిప్పు పుట్టించే చిన్న మూత ఉండేది. అదే ప్రైమర్. ఇప్పటి పెద్ద రైఫిల్ ప్రైమర్ కూడా అయిదు మిల్లీమీటర్ల పైచిలుకే... కందిగింజంత!

దీపావళికి పిల్లలు బొమ్మ తుపాకీలో పేల్చే బిళ్ల లాంటిదే ఇదీ. తుపాకీ సూది కొట్టగానే, మూతకీ లోపలున్న బుల్లి దాగలికీ మధ్య మందు నలిగి నిప్పు పుడుతుంది. అది సన్నని రంధ్రంలోంచి వెళ్లి అసలు మందును అంటిస్తుంది.

అమెరికాలో చాలామంది షూటింగ్ క్రీడాకారులు పేల్చిన ఖాళీ గుల్లల్ని ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. (మనదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.) వాళ్లు అన్నిటికన్నా జాగ్రత్తగా చేసే పని ఈ మూత బిగించడమే. దాగలి కాళ్లు గుంట అడుక్కి ఆనకపోతే సూది దెబ్బంతా మూతను లోపలికి నెట్టడానికే సరిపోతుంది. తూటా తుస్సుమంటుంది. మూత పైకి పొడుచుకొస్తే మరీ ప్రమాదం. తనంతట తాను లోడయ్యే తుపాకీల్లో బోల్టు మూసుకునే విసురుకే, ట్రిగ్గర్ నొక్కకముందే పేలిపోవచ్చు!

అందుకే కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుంటారు. గుంటలో మసి గీకేస్తారు. చేతి పరికరంతో మెల్లగా నొక్కుతారు. మూత అడుక్కి ఆనిన సంగతి వేళ్లకే తెలుస్తుంది. ఆపైన గుల్ల అడుగున బొటనవేలితో తడిమి చూస్తారు. మూత అంగుళంలో వెయ్యింట మూడు నుంచి అయిదు వంతులు లోపలికి ఉండాలి. అంటే వెంట్రుక మందమంత! వేలికి ఎత్తుగా తగిలితే ఆ గుల్లను పక్కన పెట్టేస్తారు.

ఇందులో తమాషా ఏమిటంటే, 1866లోనే అమెరికాలో హైరమ్ బెర్డాన్ మరో రకం ప్రైమర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అందులో దాగలి మూతలో కాక గుల్లలోనే ఉంటుంది. వాడిన మూత ఊడదీయడం కష్టం. ఐరోపా సైన్యాలు అమెరికన్ పద్ధతి పట్టుకున్నాయి. అమెరికన్లేమో ఇంగ్లండ్ వాడి పద్ధతిని ఇంటికి తెచ్చుకున్నారు!

వూలిచ్ ఆవరణలో 2001లో తెరిచిన ఫిరంగిదళ మ్యూజియం 2016లో మూతపడింది. బాక్సర్ పేరు మాత్రం ఈనాటికీ అమెరికా దుకాణాల్లో తూటాల డబ్బాల మీద కనిపిస్తూనే ఉంది.