గజదొంగ గన్నారెడ్డీ, మా తాతా

ఎనిమిదో తరగతిలో ఆత్మకూరు గ్రంథాలయంలో నాకు దొరికిన పుస్తకానికి అట్ట లేదు. మొదటి పేజీలు కొన్ని చినిగిపోయున్నాయి. నేను చదవడం మొదలుపెట్టిన చోట ఒక పెళ్ళి ఆగిపోయి ఉంది. పీటల మీద ఉన్న పెళ్ళికొడుకును గన్నారెడ్డి అనే గజదొంగ గుర్రం మీద ఎత్తుకుపోయాడట. నాకు అంతే కావలసింది. హాస్టల్లో లైట్లు ఆర్పేశాక వరండాలో ఉన్న ఒక్క బల్బు కింద కూర్చుని నాలుగు రాత్రుల్లో చదివేశాను.

అది 'గోన గన్నారెడ్డి' అని, రాసింది అడివి బాపిరాజు అని చాలా ఏళ్ళ తర్వాత టీచర్ ట్రైనింగులో తెలిసింది. 'అడివి' అని చూసి ఆయన మనవాడేమోనని సంబరపడ్డాను. అది ఇంటిపేరని, ఆయన భీమవరం వైపు బ్రాహ్మణుడని మా లెక్చరర్ చెప్పారు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

పుస్తకంలో నాకు సగం మాటలు అర్థం కాలేదు. నగల వర్ణనలు, వేషాల వర్ణనలు పేజీలకు పేజీలు ఉంటాయి. అవన్నీ దాటేశాను, ఇప్పుడు పిల్లలకు చదివేటప్పుడూ దాటేస్తాను. నన్ను పట్టుకున్నది వేరే. లోకమంతా గన్నారెడ్డిని దొంగ అంటుంది. కానీ ఆ దొంగ రుద్రమదేవి రాజ్యం కోసమే పనిచేస్తున్నాడని చదివేవాడికి తెలుసు, కొలువులో వాళ్ళకి తెలియదు. ఎప్పుడు తెలుస్తుంది, ఎవరు చెప్తారు అని మనకు గుండె కొట్టుకుంటూ ఉంటుంది. చారిత్రక నవలల రుచి చాలావరకు అక్కడే ఉందనుకుంటాను. కోటలూ కత్తులూ పైపూత. ఒక మనిషి మీద పడిన నింద ఒక రోజు తప్పని తేలుతుందన్న ఆశే లోపలి సరుకు.

ఆ ఆశ నాకు ఎందుకు అంత కావలసి వచ్చిందో చెప్పాలి. మాది కలువాయి దగ్గర ఎస్టీ కాలనీ. మేము యానాదులం. మా తాత జీవితమంతా మామిడి తోపులకూ వేరుశనగ చేలకూ కావలి ఉన్నాడు. ఊరి పంటకు కావలి మనవాళ్ళే. ఊళ్ళో ఏదన్నా పోతే ముందు పిలిచేదీ మనవాళ్ళనే. తాత చిన్నతనంలో రాత్రిపూట గుడిసె బయట నిలబడి పేరు పిలుస్తుంటే పలకాల్సి వచ్చేదట. "పలక్కపోతే తెల్లారేసరికి దొంగవే" అనేవాడు.

దాని వెనక ఒక చట్టం ఉంది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటితే చెప్పి పోవాలి. మన నెల్లూరు జిల్లాలోనే కావలిలో, కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంట్లు పెట్టి ఎరుకల కుటుంబాలను ఉంచారు. యానాదుల్లో కొందరి పేరు ముందు 'దొంగ' అనే మాట చేర్చి ప్రభుత్వ కాగితాల్లోనే రాశారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. బాపిరాజు చనిపోయిందీ ఆ ఏడాదే. రెంటికీ సంబంధం లేదు. నాకు మాత్రం ఆ సంవత్సరం చూసినప్పుడల్లా ఇద్దరు దొంగలూ కలిసే గుర్తొస్తారు.

ట్రైనింగు తర్వాత దొరికినవన్నీ చదివాను. చిలకమర్తి 'హేమలత', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి', విశ్వనాథ 'ఏకవీర'. చిలకమర్తిని ఆంధ్ర స్కాట్ అనేవారు. ఆ స్కాట్ 1819లో 'ఐవాన్‌హో' తెచ్చాడు. అందులో రాజుకు సాయం చేసేది అడవిలోని రాబిన్‌హుడ్. రాబిన్‌హుడ్ గురించి ఒక సంగతి తెలిసి నేను కాసేపు పుస్తకం మూసేశాను. పాత జానపద పాటల్లో అతను మామూలు మనిషి. 1500ల చివర్లో నాటకాలు రాసినవాళ్ళు అతన్ని ప్రభువును చేశారు. దొంగ మంచివాడు కావాలంటే పెద్దింటి బిడ్డ అయ్యుండాలని వాళ్ళకు తోచింది కాబోలు. మన గన్నారెడ్డీ అంతే కదా, గోన బుద్ధారెడ్డి కొడుకు. దొంగతనం అతనికి వేషం. మా తాత ఏ వేషమూ వేయలేదు.

పోయిన ఏడాది ఏడో తరగతికి రోజూ చివరి పావుగంట ఈ నవల చదివాను. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా పుణ్యాన గన్నారెడ్డి అంటే వాళ్ళకు అల్లు అర్జున్. బెల్లు కొట్టినా లేచేవాళ్ళు కాదు. నీతి కథలకు ఇలా కూర్చోరు, తోటి టీచర్లు ఒకసారి ప్రయత్నించి చూడండి.

నవల అయిపోవచ్చే రోజుల్లోనే ఒక పొలంలో మోటారు పోయింది. మా క్లాసులో ఒక అమ్మాయి మేనమామను తీసుకెళ్ళారు. రెండు రోజుల తర్వాత వదిలారు. మోటారు ఎవరింట్లో దొరికిందో ఊరందరికీ తెలుసు. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. ఆయన వారం రోజులు కూలికి పోలేకపోయాడు.

గన్నారెడ్డి నిజం కొలువులో బయటపడే చోట నేను చదువుతుంటే ఆ అమ్మాయి లేచింది. "సార్, ఆయన రాజుల బిడ్డ గాబట్టి మంచోడని తేలింది. మా మావ సంగతి ఎప్పుడు తేలద్ది సార్?"

క్లాసంతా నా వైపు చూసింది. నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

ఆ తర్వాతి నెల పిల్లల్ని ఉదయగిరి కోటకు తీసుకెళ్ళాను. 1513లో కృష్ణదేవరాయలు ఈ కొండను ముట్టడించి, మరుసటి ఏడాది గజపతుల నుంచి పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడు. పైకి దారి చాలక బండలు పగలగొట్టించి బాటలు వేయించాడని, కొన్నేళ్ళకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. అది చెప్పగానే వెనకనుంచి ఒకడు "ఎవురు పగలగొట్టింది సార్?" అన్నాడు. ఇంకొకడు "దారి ఎవురు జూపించింది?" అన్నాడు. వీళ్ళలో సగం మంది తాతలు వెలికొండల్లో తేనె కోసం, మూలికల కోసం తిరిగినవాళ్ళే. కొండలో నీళ్ళు ఎక్కడుంటాయో తెలియని సైన్యం అన్ని నెలలు బయట కూర్చోలేదని వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

నేను చదివిన చాలా నవలల్లో అలాంటి మనిషి ఒకడు వస్తాడు. పొదల్లోంచి వచ్చి, దారి చూపించి, పోతాడు. పేరుండదు. ఆ మనిషికి పేరు పెట్టి ఒక ప్రకరణం రాసుకు రమ్మని పిల్లలకు చెప్పాను. ఎక్కువమంది అతన్ని యుద్ధంలోకి దింపి, చివర్లో సేనాపతిని చేసేశారు. ఇద్దరైతే రాజుకు తప్పిపోయిన కొడుకును చేశారు! వాళ్ళను ఏమనగలను, నేను చదివి వినిపించిందే అది.

ఆ అమ్మాయి ఒకటిన్నర పేజీ రాసింది. ఆమె కథలో దారి చూపించిన మనిషి పేరు పోలయ్య. కోట పడిపోయింది, సైన్యం వెళ్ళిపోయింది. పోలయ్య నాలుగు రోజుల తర్వాత ఇంటికొచ్చాడు. గుడిసె ముందు ఊరి మనిషి నిలబడి ఉన్నాడు, "ఇన్ని రాత్రులు యాడికి పొయ్యుండావురా" అని అడుగుతున్నాడు. పోలయ్య ఏం చెప్పాడో ఆమె ఇంకా రాయలేదు. నోటుబుక్కు ఆమెకు తిరిగిచ్చి, పేజీలు చాలకపోతే ఇంకొకటి ఇస్తానన్నాను.