మా తాళం ఎవరిది?

మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ పక్కన పుట్టినోళ్ళం మేం. అలీఫ్ బే కన్నా ముందు మాకు మర్ఫా తెలుసు. బారాత్ కదిలిందంటే ముసలోళ్ళ భుజాలు కూడా ఊగుతాయి. ఈ డప్పులు నిజాం ఫౌజులోని ఆఫ్రికన్ సిపాయిల వెంట, అరబ్బుల వెంట వచ్చాయి. 1948 పోలీసు చర్య తర్వాత ఆ ఫౌజు పోయింది. కొలువులు పోయాయి. డప్పు మిగిలింది. ఏసీ గార్డ్స్‌లో, బార్కాస్‌లో దానితోనే పొయ్యి వెలిగించుకున్న ఇళ్ళున్నాయి.

అందుకే జాకిర్ హుస్సేన్ బతుకు మాకు మా ఇంటి కథలాగే ఉంటుంది. 1951లో బొంబాయిలో పుట్టాడు. పసిబిడ్డ చెవిలో దువా చదవాల్సిన తండ్రి అల్లారఖా, తబలా బోల్‌లు వినిపించాడట. తల్లి కోప్పడితే, నా దువా ఇదే అన్నాడట. తెల్లారకముందే తండ్రి దగ్గర తాళం, తర్వాత మదరసాలో ఖురాన్, ఆ తర్వాత క్రైస్తవుల బడిలో ప్రార్థన గీతాలు. ఏదీ ఇంకోదాన్ని చెరపలేదు. జాజ్ గిటారు వాయించే జాన్ మెక్‌లాగ్లిన్‌తో, వయొలిన్ శంకర్‌తో, ఘటం విక్కు వినాయక్‌రామ్‌తో కలిసి 'శక్తి' కట్టాడు. 1976లో తొలి రికార్డు వచ్చింది. 2023లో పద్మవిభూషణ్, 2024లో ఒకే రాత్రి మూడు గ్రామీలు. అదే ఏడు డిసెంబర్ 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు.

షోలాపూర్‌లో పుట్టి హైదరాబాద్ రేడియోలో తబలా వాయించిన షేక్ దావూద్ ఖాన్ 1992లో పోయాడు. ఆయన్ని ఉస్తాద్ అన్నారు. మర్ఫా వాయించేటోణ్ణి 'బ్యాండోడు' అంటారు.

మమ్మల్ని రెండు దిక్కుల నుంచీ గుంజుతారు. సంగీతం హరాం, డప్పు దించమనే మావాళ్ళు ఒక దిక్కు. మీరెక్కణ్ణుంచి వచ్చారని అడిగేవాళ్ళు ఇంకో దిక్కు. డప్పు ఆఫ్రికాది, ఆట అరబ్బుది, మాట దక్కనీ ఉర్దూ, పెళ్ళి పక్కింటి హిందువులది. ఇందులో పరాయిది ఏదో విడదీసి చూపించండి. చూపించలేరు. మేమూ అట్లాగే కలిసి తయారైనవాళ్ళం.

దూరదేశంలో మోగితే అది వరల్డ్ మ్యూజిక్. మా గల్లీలో మోగితే గోల. తేడా తాళంలో లేదు, వినేవాడి చూపులో ఉంది. ఈసారి మర్ఫా పిల్లగాడి చేతిలో డబ్బులు పెట్టేటప్పుడు, వాడి పేరు కూడా అడగండి.