నా మూల, నా కంప్యూటరు

మా ఇంట్లో కదిలే వస్తువు ఏదైనా సరే, అరగంటలో నాది కాకుండా పోతుందండీ. కత్తెర, ఫోను ఛార్జరు, కళ్లజోడు పెట్టె... ఆఖరికి నేను ప్రూఫులు దిద్దుకునే ఎర్ర పెన్ను కూడా మా వారి చొక్కా జేబులోనే దొరుకుతుంది. అందుకే ఇంట్లో పని చేసుకోవడానికి ఏం కొనాలన్న మాట వచ్చినప్పుడు, అందరూ "ల్యాప్‌టాప్ కొనెయ్, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు" అంటుంటే, నాకు సరిగ్గా ఆ గుణమే వద్దనిపించింది. ఎక్కడికైనా తీసుకెళ్లగలిగింది ఎవరైనా తీసుకెళ్లగలిగింది కూడా కదా!

కొత్తగా చదువుతున్నవారికి ఒక ముక్క చెప్పాలి. నేను చదివింది బి.ఏ. తెలుగు. పెళ్లయ్యాక చాలా ఏళ్లు ఆ చదువు వారపత్రికలో గళ్లనుడికట్టు పూర్తి చేయడానికే పనికొచ్చింది. మా అమ్మాయి హైస్కూలుకి వచ్చాక ఒక ప్రెస్సువారు పుస్తకాల ప్రూఫులు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట్లో కాగితాలే. ఒక కుర్రాడు సైకిలు మీద తెచ్చి, నాలుగు రోజుల తర్వాత వచ్చి పట్టుకెళ్లేవాడు. ఇప్పుడు కాగితం లేదు, కుర్రాడూ లేడు. ఫైలు పంపిస్తారు, దాంట్లోనే దిద్ది తిరిగి పంపాలి. కొన్నాళ్లు మా అమ్మాయి ల్యాప్‌టాప్‌తో లాగించాను. అది ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్తూ ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లింది. మా వారిది ఆఫీసు ల్యాప్‌టాప్. అందులో తెలుగు కీబోర్డు పెట్టుకోవాలన్నా వాళ్ల ఆఫీసు అనుమతి కావాలట.

మా వారు మంచి మనసుతోనే అన్నారు, "అరవై వేలల్లో మంచి ల్యాప్‌టాప్ వస్తుంది. కార్డు మీద ఈఎంఐ పెట్టేస్తాను. నీకెందుకు ఆ లెక్కలన్నీ?" అని.

నా దగ్గర లెక్క ఉంది. ప్రూఫుల డబ్బు వేరే ఖాతాలో పడుతుంది. అందులో అప్పటికి 31,400 రూపాయలున్నాయి. ఇన్నేళ్లలో ఆ ఖాతాలోంచి మా అమ్మాయి ట్యూషన్ ఫీజు వెళ్లింది, మా అత్తగారి కళ్లద్దాలు వెళ్లాయి, ఒకసారి గ్యాస్ పొయ్యి వెళ్లింది. నా పనికి కావలసిన వస్తువు కోసం మాత్రం ఒక్కసారీ తీయలేదు. ఈసారి తీయాలనుకున్నాను. ఆ మాట చెప్తే ఆయన ముఖం చిన్నబోయింది.

"నీ డబ్బు, నా డబ్బు అనేది ఎప్పుడొచ్చింది మన మధ్య?" అన్నారు. రెండు రోజులు కాఫీ ఇస్తే తాగారు గానీ ఎలా ఉందో చెప్పలేదు. మామూలుగా అయితే పంచదార ఎక్కువైందనో తక్కువైందనో ఏదో ఒకటి అనాలి మరి.

మూడో రోజు రాత్రి నేనే కదిపాను. "మీరు కొంటే అది ఇంటి కంప్యూటరు అవుతుందండీ. నేను పని చేసుకుంటుంటే ఎవరో ఒకరికి అవసరం పడుతుంది. నేను కొంటే అడిగి తీసుకుంటారు."

"నేనెప్పుడైనా నిన్ను లెమ్మన్నానా?"

"మీరనలేదు. నేనే లేచాను ప్రతిసారీ."

ఆయన ఇంకేమీ అనలేదు. పొద్దున కాఫీలో పంచదార తక్కువైందన్నారు. హమ్మయ్య అనుకున్నాను.

ఇక ఏది కొనాలన్నది తేల్చుకోవాలి. మా అక్క కొడుకు బెంగళూరులో కంప్యూటర్ల ఉద్యోగమే చేస్తాడు. ఫోన్ చేసి, "నాన్నా, నాకు కదలనిది కావాలి, చోటు ఎక్కువ తినకూడదు, మొత్తం కలిపి పాతికవేలు దాటకూడదు" అన్నాను. వాడు నవ్వి "పిన్నీ, నువ్వు చెప్పేది మినీ పీసీ" అన్నాడు.

అలాంటిదొకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కంప్యూటరంటే బల్ల కింద కాళ్లకి తగిలే పెద్ద డబ్బాయే నాకు. ఇది లీటరుకి కాస్త అటూ ఇటూగా ఉంటుందట. అంటే రెండు అరలీటరు పాల ప్యాకెట్లు పక్కపక్కన పెట్టినంత. ల్యాప్‌టాప్‌లో ఉండే సరంజామానే చాలావరకు ఇందులోనూ ఉంటుంది. తెర, కీబోర్డు, బ్యాటరీ మాత్రం ఉండవు. అవి మనం విడిగా అమర్చుకోవాలి. ఏదైనా పాడైతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

వాడు చెప్పిన దారులు నాలుగు. యాపిల్ వారి మ్యాక్ మినీ చాలా బాగుంటుంది, 2024లో వచ్చిన రకం మన దేశంలో విడుదలైనప్పుడు 59,900 నుంచి మొదలైంది. అది నా ఖాతా చూసి నవ్వుతుంది. పైగా మా ప్రెస్సువారు ఇంకా అను ఫాంట్లే వాడతారు, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే బోర్డు ఒకటుంది, చవక. దానికీ అదే అడ్డు. మిగిలినవి రెండు. ఒకటి, ఇంటెల్ ఎన్100 అనే చిప్పుతో వచ్చే కొత్త చిన్న పెట్టెలు. రెండోది, పెద్ద ఆఫీసులు వాడి అమ్మేసిన చిన్న కంప్యూటర్లు. డెల్‌లో ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనొవోలో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీలో ఎలైట్‌డెస్క్ మినీ అంటారు వాటిని. శుభ్రం చేసి, కావలసినవి మార్చి మళ్లీ అమ్ముతారు.

ఎన్100 గురించి మనసు కాసేపు ఊగింది. కొత్తది, కరెంటు చాలా తక్కువ తాగుతుంది, నా పనికి సరిపోతుంది. కానీ మా వాడు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు, మీక్కూడా పనికొస్తాయని రాస్తున్నాను. చవక పెట్టెల్లో కొన్నిటికి ఈఎంఎంసీ అనే నిల్వ ఉంటుంది. అది ఎస్ఎస్‌డీ అంత వేగంగా ఉండదు, బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి తర్వాత మార్చుకోలేం. "బేర్‌బోన్" అని రాసి ఉంటే ర్యామ్, ఎస్ఎస్‌డీ లేకుండా ఒట్టి డొల్ల అమ్ముతున్నారని అర్థం. ధర చూసి మురిసిపోకూడదు. విండోస్ ఉందో లేదో విడిగా అడగాలి. ఉత్తి డోసెకి ఒక రేటు చెప్పి చట్నీ, సాంబారుకి విడిగా వేసినట్టన్నమాట.

పాతవాటిలో చూడాల్సింది తరం. ఇక్కడ నాకు భలే సరదా వేసింది. మనకి కవుల తరాలున్నట్టే చిప్పులకీ తరాలున్నాయి! ఐ5 అని చెప్తే చాలదు. దాని పక్కన గీత తర్వాత ఉన్న అంకె చూడాలి. ఐ5-6500 అంటే ఆరో తరం, ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. అయిదంకెలు ఉంటే మొదటి రెండూ కలిపి చదవాలి, 10500 అంటే పదో తరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్ చిప్పుల్లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అందుకే ఆరు, ఏడు తరాలవి బజారులో అంత చవగ్గా కనిపిస్తాయి.

ఒక శనివారం తార్నాకలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. మా వారు వస్తానన్నారు. వద్దన్నాను. ఆయన పక్కనుంటే దుకాణాల వాళ్లు నేను అడిగిన దానికి కూడా ఆయన వైపు తిరిగి జవాబు చెప్తారు. చీరల షాపులో తప్ప ఇది అన్ని చోట్లా జరిగేదే కదా!

మొదటి దుకాణంలో కుర్రాడు "రండి ఆంటీ, పిల్లల కోసమా?" అన్నాడు. నా కోసమే అన్నాను. ఒకటి తీసి చూపించి "ఐ5 ఆంటీ, పదివేలే, రాకెట్‌లా ఉంటుంది" అన్నాడు. "ఎన్నో తరం బాబూ?" అని అడిగాను. "ఐ5 అంటే ఐ5 ఏ ఆంటీ" అన్నాడు. ఆన్ చేసి చూపించమన్నాను. సెట్టింగ్స్‌లో 'అబౌట్' నొక్కితే చిప్పు పేరు మొత్తం కనిపిస్తుంది. 6500టీ అని ఉంది. ఏమీ అనకుండా లేచి వచ్చేశాను. వెనకనుంచి "తొమ్మిది వేలకిస్తా ఆంటీ" అని వినిపించింది.

నాలుగో దుకాణంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఏ పనికి అని అడిగారు. తెలుగు ప్రూఫులని చెప్తే, "అయితే కంప్యూటరు సంగతి తర్వాత, ముందు మానిటర్ చూసుకోండమ్మా" అన్నారు. ఆ మాటతో ఆయన మీద గురి కుదిరింది. నిజమే మరి. నాకు చత్వారం వచ్చి మూడేళ్లయింది. ద ఏదో ధ ఏదో తేల్చేది కింద ఒక చిన్న గీత. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కొసన ఒక చిన్న మెలిక. పధ్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్ తెర మీద వాటిని వెతికీ వెతికీ సాయంత్రానికి తలనొప్పి పట్టుకునేది. 'పాప' అన్నది 'పాష' అయిపోయినా కనిపించేది కాదు. ఇరవై రెండు అంగుళాల మానిటర్ మీద ఆయన ఒక తెలుగు పేజీ తెరిచి చూపిస్తే, వత్తులన్నీ ఆరేసిన వడియాల్లా విడివిడిగా కనబడ్డాయి.

చివరికి కుదిరిన బేరం ఇదీ. ఐ5-8500టీ చిప్పు, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11తో ఆఫీసు వాడిన చిన్న కంప్యూటరు 15,500. మానిటర్ కొత్తది 7,200. కీబోర్డు, మౌసు కలిపి 900. ఆఫీసుల్లో ఇంటర్నెట్ వైరుతో వస్తుంది కాబట్టి ఇలాంటివాటిలో చాలావాటికి వైఫై ఉండదట. యూఎస్‌బీకి గుచ్చే చిన్న పుల్ల 450. మొత్తం 24,050. బిల్లు లేకుండా అయితే కొంత తగ్గిస్తామన్నారు. బిల్లు కావాలన్నాను, కంప్యూటరుకి ఏడాది వారంటీ దాని మీద రాయించుకున్నాను. వెనక ఉన్న రంధ్రాలు కూడా చూసుకున్నాను. కొన్నిటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లే పోర్ట్ మాత్రమే ఉంటుంది, దానికి వేరే కేబుల్ కావాలి. ఇంటికొచ్చాక తెలిస్తే మళ్లీ మెట్రో ఖర్చు.

ఇందులో బ్యాటరీ లేదు కదా, కరెంటు పోతే దిద్దినదంతా గోవిందా అని నా భయం. యూపీఎస్ కొంటే ఇంకో మూడు వేలు. "ఇంట్లో ఇన్వర్టర్ ఉందామ్మా? దాని వెనక యూపీఎస్ మోడ్ అని మీట ఉంటుంది, అటు తిప్పి చూడండి" అన్నారాయన. మామూలు పద్ధతిలో ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాను ఆగకపోయినా కంప్యూటరు ఆరిపోవచ్చు. ఆ మోడ్‌లో తొందరగా అందుకుంటుంది. మా ఇన్వర్టర్ వెనక ఆ మీట ఉంది, ఇన్నాళ్లూ దుమ్ము కింద. మెయిన్ ఆపి మూడుసార్లు చూశాను, కంప్యూటరు ఆరలేదు. మూడు వేలు మిగిలాయి.

కరెంటు బిల్లు గురించి మా అత్తగారి అనుమానం తీర్చడానికి లెక్క వేసి చూపించాను. కంప్యూటరుకి ఇరవై, మానిటర్‌కి ఇరవై వాట్లు అనుకున్నా, రోజుకి అయిదు గంటల చొప్పున నెలకి ఆరు యూనిట్లు. "మరి గీజరో?" అన్నారావిడ. గీజరు లెక్క నేను వేయదలచుకోలేదు.

ఇప్పుడది వంటింటికీ హాలుకీ మధ్య, ఒకప్పుడు కుట్టుమిషను ఉండిన మూలలో ఉంది. పెట్టెని మానిటర్ వెనక్కే మరలతో బిగించేశాం. దానికోసం పట్టీ ఒకటి వస్తుంది. బయటికి తెర, కీబోర్డు తప్ప ఏమీ కనిపించవు. మా అత్తగారు చుట్టూ తిరిగి చూసి, "టీవీ కొనుక్కొచ్చావు సరే, కంప్యూటరు ఏదమ్మాయ్?" అన్నారు. వెనక చూపిస్తే, "ఇంత ముక్కకి పదిహేను వేలా!" అని ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ సాయంత్రమే పక్కింటావిడని పిలిచి అదే వెనక వైపు చూపించారు.

హాల్లో ఉన్న టీవీకే తగిలించుకుంటే మానిటర్ ఖర్చు మిగిలేది కదా అని మా వారు ఇప్పటికీ అంటుంటారు. క్రికెట్ ఉన్న రోజు ఆ మాట అనరు.

మొన్న ఆదివారం ఆయన ఇన్‌కమ్ టాక్స్ కాగితాలేవో చూసుకోవాలట, వాళ్ల ఆఫీసు ల్యాప్‌టాప్ మొరాయించింది. నా కుర్చీ వెనకకొచ్చి నిలబడి, "ఒక అరగంట వాడుకోవచ్చా?" అన్నారు. నేను ఒక సన్నివేశం మధ్యలో ఉన్నాను. "నాలుగింటికి రండి" అన్నాను. సరేనని వెళ్లి పడుకున్నారు. నాలుగుకి అయిదు నిమిషాలుండగా రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చారు. టీ కీబోర్డు పక్కన పెట్టొద్దని చెప్పాను.

చేతిలో ఉన్నది 312 పేజీల నవల, ఇంకా సగం మిగిలింది. బుధవారానికి ఇచ్చేయాలి. అంచేత ఈ రెండు రోజులూ మా ఇంట్లో పప్పుచారూ, అప్పడాలే.